బరువెత్తని చేతులు

ఆ ఇంట్లో నీళ్ల బకెట్టు మోసేది ఆయన, గ్యాస్ సిలిండర్ జరిపేది ఆయన, తడిసిన దుప్పటి పిండేదీ ఆయనే. ఇరవై రెండేళ్లుగా ఇదే వరస. పక్కింటివాళ్లు "మహారాణిగారు లేచారా?" అని ఎకసెక్కాలాడినా, బస్సు డ్రైవరుగా రిటైరైన ఆ పెద్దమనిషి నొచ్చుకునేవాడు కాదు. "మా ఆవిడ చేతులు నా స్టీరింగు కన్నా జాగ్రత్తగా చూసుకోవాలండీ" అనేవాడు.

అందులో అతిశయోక్తేమీ లేదు. ఆవిడ పరిశోధనశాలలో ఎలుకలకు కిడ్నీలు మార్చే మనిషి. ఒక ఎలుక కిడ్నీ తీసి ఇంకో ఎలుకకు అతకాలి. రక్తనాళం అగ్గిపుల్ల కన్నా సన్నం, కుట్టే దారం తలవెంట్రుక కన్నా సన్నం. కొత్త మందు వేస్తే ఒళ్లు పరాయి కిడ్నీని తిప్పికొట్టకుండా ఊరుకుంటుందా అన్నది వాళ్లు తేల్చాల్సిన సంగతి. ఆపరేషన్ ఉన్న పొద్దున ఆవిడ టీ కూడా ముట్టదు. బరువెత్తిన చెయ్యి గంటల తరబడి వణుకుతుంది. మామూలు కంటికి ఆనని ఆ వణుకు మైక్రోస్కోపు కింద భూకంపమే.

అలా కాపాడుకొచ్చిన మనిషి కాస్తా నెల కిందట బాత్రూంలో జారిపడి తుంటి విరగ్గొట్టుకున్నాడు. పొద్దున్నే మంచం మీంచి లేపడానికి, బాత్రూందాకా నడిపించడానికి ఒక మనిషి కావాలి. ఎవరినైనా పెట్టుకుందామంటే ససేమిరా అన్నాడు. పరాయివాళ్లు తన నడుం పట్టుకుని లేపడం ఆయనకు చచ్చేంత నామోషీ. శుద్ధ మొండిఘటం.

"మరి నీ చేతులో?" అని అడిగాడు.

"ఈ నెలంతా ఆపరేషన్లు లేవులెండి, కాగితాల పనే" అని ఆవిడ అబద్ధమాడింది.

ఎనభై కిలోల మనిషిని రోజూ ఎనిమిదింటికి లేపి, పదింటికి సూది పట్టుకుంటోంది. మధ్యాహ్నానికి మార్చుకుందామంటే ఆ గది అప్పటికి గుండె ఆపరేషన్ల వాళ్లది. ఫలితం, వరసగా రెండు ఎలుకలు మూడో రోజుకల్లా పోయాయి. కోసి చూసింది ఆవిడే. రెండింట్లోనూ సూది రక్తనాళం ఎదుటి గోడను కూడా కలిపి కుట్టేసింది, రక్తం అక్కడే గడ్డకట్టింది.

"మందే మంచిది కాదేమోనమ్మా. రేపటిదీ పోతే ఈ ప్రయోగం మూసేద్దాం" అన్నాడు పెద్ద డాక్టరు. మందుది కాదు, నా చేతిది తప్పు అన్న మాట ఆవిడ గొంతుదాకా వచ్చింది. భయపడి మింగేసింది.

మర్నాడు ఎనిమిదింటికి మంచం దగ్గరికి వెళితే ఆయన గోడవైపు తిరిగి పడుకున్నాడు.

"లేవండి, నాకు టైమవుతోంది."

"ఇవాళ లేవబుద్ధి కావట్లేదు. నువ్వెళ్లు."

"బాత్రూంకి?"

"ఇప్పుడేం అక్కర్లేదు. ఎందుకలా ప్రాణం తీస్తావ్? తాళం వేసుకుని వెళ్లు."

ఏడింటికే కేకలేసే మనిషి! నుదురు పట్టుకు చూసింది, జ్వరం లేదు. ఫోను, నీళ్లు దిండు పక్కన పెట్టి బయల్దేరింది గానీ మనసంతా అక్కడే ఉంది. తను లేకుండా లేవబోతే? మళ్లీ పడితే? ఆపరేషన్ గదిలోకి వెళ్లేముందు ఫోన్ చేసింది. ఎత్తలేదు. మళ్లీ చేసింది. మోగి మోగి ఆగిపోయింది.

అప్పటికే ఎలుకకు మత్తిచ్చేశారు. రక్తనాళాలకు క్లిప్పులు పెట్టాక అరగంటలో కుట్లు అయిపోవాలి, మధ్యలో లేచి వెళ్లడమన్నది లేదు. మొదటి కుట్టు వేసింది. రెండోది వేసింది. మూడో కుట్టు దగ్గర గమనించింది, చెయ్యి వణకడం లేదు. ఆయన నేల మీద పడి ఉన్నట్టే కళ్లకు కడుతోంది. వేళ్లు మాత్రం ఆ గొడవేం పట్టనట్టు వాటి పని అవి చేసుకుపోయాయి. ఎనిమిదో కుట్టు పూర్తిచేసి క్లిప్పులు తీసింది. పాలిపోయిన కిడ్నీ చూస్తుండగానే గులాబీ రంగు తిరిగింది. కాసేపటికి మూత్రనాళం కొసన ఒక చుక్క నిలిచింది.

ఎలుక మెలకువ వచ్చి తడబడుతూ నిలబడేదాకా ఉండి, పెద్ద డాక్టరు ముందు నిలబడింది.

"ఆ రెండూ మందు వల్ల పోలేదండీ. నా చెయ్యి వణికింది. ఏం చేసుకుంటారో చేసుకోండి, ముందు నన్ను ఇంటికెళ్లనివ్వండి."

జవాబు కోసం ఆగకుండా పరుగెత్తింది.

తలుపు తీసేసరికి ఆయన మంచం మీదే ఉన్నాడు. ఫోను మంచం కింద పడి ఉంది. దుప్పటి నడుం నుంచి మోకాళ్లదాకా తడిసిపోయి ఉంది. పరాయిచెయ్యి తగిలితేనే నామోషీ పడే మనిషి, ఎంతసేపటి నుంచో ఆ తడిలోనే పడుకుని ఉన్నాడు. ఆవిడ వైపు చూడలేక పైకప్పు వైపు చూశాడు.

"నిన్న నువ్వు స్నానానికెళ్లినప్పుడు మీ పెద్ద డాక్టరు ఫోన్ చేశాడు. రెండు ఎలుకలు పోయాయి, రేపటిదీ పోతే అంతా మూసేస్తామన్నాడు. కాగితాల పనన్నావు కదే."

ఆవిడకు ఏడుపు ముంచుకొచ్చింది.

"ఎలుక లేచిందా?" అని అడిగాడు.

"లేచిందండీ."

"అయితే ఇంక నన్ను లేపు."