బోర్డు పక్కన మంత్రి

పక్కింటి మామ పోయాడని అత్త పొద్దున్నే ఫోన్ చేసింది. మా ఊరు కుడతిని వైపు చెస్ ఆడినవాళ్లయితే మీకు ఆయన తెలిసే ఉంటాడు. తెలియనివారికి చెబుతాను: థర్మల్ కరెంటు ప్లాంటులో బాయిలర్ దగ్గర పనిచేసేవాడు. నాకు చెస్ నేర్పింది ఆయనే.

డ్యూటీ దిగి వచ్చి వసారాలో బోర్డు పరిచేవాడు. ప్లాంటు నుంచి వచ్చి గళ్ల మీద వాలిన బూడిదను ఉఫ్‌మని ఊదేవాడు. మిర్చి బజ్జీ ఎడమచేత్తోనే తినేవాడు, కుడిచేయి పావులకు. "నూనె చేత్తో రాజును ముట్టుకుంటే ఆయప్పకు మర్యాద యాడుంటాది పాపా?" అనేవాడు.

మా ఇళ్లలో ఆడేది పాత ఆట. బంటు అవతలి కొసకు చేరితే, ఏ పావు గడిలో చేరిందో ఆ పావే అవుతుంది. గుర్రం గడిలో చేరితే గుర్రమే. మామ నాకు నేర్పిందీ అదే.

డిగ్రీలో ఉండగా జిల్లా టోర్నమెంటు ఆఖరి రౌండులో మామే నాకు ఎదురుపడ్డాడు. గెలిచినవాళ్లు రాష్ట్ర పోటీలకు పోతారు. ఎంత ఆశ పెట్టుకున్నానో! నా బంటు గుర్రం గడికి చేరింది. మంత్రిని పెట్టి ఉంటే ఆట నాదే. నేను దర్జాగా గుర్రాన్ని పెట్టి గడియారం నొక్కాను. మామ చేయి గాలిలో కాసేపు ఆగింది. తర్వాత ఆడాడు, గెలిచాడు.

మంత్రినే పెట్టి ఉండొచ్చని చూస్తున్నవాళ్లు ఆట అయ్యాక చెప్పారు. బయట ఏడుస్తూ మామను నిలదీశాను. "చూస్తా చూస్తా గమ్మునుంటివే మామా?"

"ఎదురు కూర్చున్నోడు చెప్పకూడదు పాపా. ఆట అయినాంక చెప్తాండా, తప్పు నాదే. ఇంటాట నేర్పిచ్చి, టోర్నమెంటులో ఏ గడికి పోయినా మంత్రిని పెట్టొచ్చని చెప్పేది మరిసిపోతి. బేజారు చేసుకోవద్దు."

చేసుకున్నాను. నెలరోజులు వాళ్ల గడప తొక్కలేదు. ఒక ఆదివారం గోడ మీదుగా కేకేశాడు: "ఏంది పాపా, ఇంకా కోపం ఉండాదా? రాష్ట్ర పోటీల్లో నేనూ మొదటి రోజే ఓడిపోయి వస్తిని. మీ అత్త ఉగ్గాని చేసింది, రా."

నవ్వొచ్చింది, వెళ్లాను. బోర్డు పక్కన, నా వైపు, ఇంకో సెట్టులోని మంత్రి అదనంగా నిలబడి ఉంది. ఆనాటి నుంచి ప్రతి ఆటకూ పెట్టాడు. నాకిప్పుడు తెలుసు కదా మామా అంటే, "ఉండనీ, అదేమన్నా అన్నం అడుగుతాందా?" అనేవాడు.

పోయిన ఆదివారం ఆట మధ్యలో ఆయాసంగా ఉందని లేచాడు. "కదిలిచ్చొద్దు, వచ్చే వారం ఆడదాం" అన్నాడు.

మామను మట్టి చేసి వచ్చాక చూస్తే బోర్డు అలాగే ఉంది. గళ్ల మీద సన్నగా బూడిద. నా బంటు కొసకు ఒక్క గడి దూరంలో ఉంది. బోర్డు పక్కన మంత్రి నిలబడి ఉంది. ఎత్తు మామది.