కుందేరు పక్క చేను, బడి తాళంచెవి

తుఫాను వల్ల రెండు రోజులు బళ్లకు సెలవు, వాగులూ వంకలూ దాటవద్దు, పని లేకుండా బయట తిరగవద్దు అని పొద్దున్నే ఫోనుకు మెసేజీ వచ్చింది. ప్రొద్దుటూరులో మిద్దె మీది గదిలో పడక్కుర్చీలో కూర్చున్న రిటైర్డు పంతులమ్మను, ఈ మోకాళ్లతో నేను ఏ వాగు దాటబోతాను లెండి! నవ్వుకుని ఇంకో గ్లాసు కాఫీ కలుపుకున్నాను గానీ, మనసు మాత్రం నన్నడక్కుండానే పెద్దముడియం బస్సెక్కేసింది.

నా మొదటి ఉద్యోగం ఆ పక్క కుందేరు ఒడ్డున ఒక పల్లెలో, ఒకే గది ఉన్న బడిలో. సముద్రం మాకు ఏ మూలనో ఉన్నా, తుఫాను పుట్టిందంటే ఆ నల్లరేగడి రైతులకు సంబరమే, ఆ తడి అందితే గానీ శనగ విత్తలేరు మరి. అందుకే తలారి తప్పెట కొట్టి, బడి మూసినారు, పల్లంలో ఇండ్లున్నోళ్లు బళ్లోకి రావాల, ఏటి దరికి ఎవురూ పోవద్దు అని చాటుతుంటే, జనం అరుగుల మీద కూర్చుని మబ్బుకు దండాలు పెట్టారు. జమ్మలమడుగు బస్సు రాక నేనూ అక్కడే చిక్కుబడ్డాను.

మధ్యాహ్నానికి తలారి తడిసి ముద్దై వచ్చి, గొర్రెలాయన ఎంత చెప్పినా కదలడం లేదన్నాడు. విత్తే ముందు చేలో గొర్రెలను పడుకోబెడితే నేలకు బలం కదా, అలా ఊరి పెద్దరైతు ఏటి పక్క చేనుకు ఆయన మంద తోలి ఉన్నాడు. పది రాత్రులకు మాటిస్తే ఇంకా రెండు మిగిలాయట, నడుమ లేచిపోతే రేపు తనను ఏ రైతు పిలుస్తాడని మొండికేశాడట. పక్కన పెళ్లాం, గంపల కింద నాలుగు రోజుల గొర్రెపిల్లలు. నాకు ఒళ్లు మండిపోయింది. ఏరొచ్చి మీద పడితే ఆ మాట ఎవరికి చెల్లిస్తాడు?

పెద్దరైతు ఊళ్లో లేడు. ఆయన భార్యను నేను అత్తా అని పిలిచేదాన్ని, పరుగున పోయి ఆమెకు చెప్పాను. ఎన్నడూ చేనుకు పోని మనిషి, గోనెసంచి తలమీద కప్పుకుని బురదలో నాకంటే ముందు నడిచింది. గట్టు మీద నిలబడి ఒకటే కేక.

"ఏమప్పా, మా చేనుకు నీ మాట తీరిపోయింది. ఆ రెండు రాత్రులూ వాన పండుకుంటాది గానీ, నువ్వు లెయ్యి!"

గొర్రెలాయన తల గోక్కున్నాడు. "సరేమ్మా, మరి జీవాలను యాడికి తోలాల?"

పల్లంలోని వాళ్లు ఇంకా ఇండ్లు కదల్లేదు, బడికి తాళం వేసే ఉంది. అందరూ నా చేతిలోని తాళంచెవి వైపు చూశారు. పైనుంచి వచ్చిన ఆర్డరు మనుషులకే, గొర్రెలకు కాదు. కొత్త ఉద్యోగం, భయం శానా ఉండింది, అయినా తలుపు తీశాను.

సాయంత్రానికి కుందేరు ఆ చేనును మొత్తం కప్పేసింది. నల్లబల్ల కింద గొర్రెపిల్లలు ఒకదాని మీద ఒకటి ఒరిగి నిద్రపోతుంటే, గొర్రెలాయన పెళ్లాం వాటిని పదేపదే లెక్కపెట్టుకుంటూ ఏడ్చింది, ఒక్కటీ తగ్గలేదని. ఆ తర్వాత బడి పదిరోజులు కంపు కొట్టింది. నాకు మెమో వస్తుందని వణికాను గానీ, పైఅధికారి వచ్చి ముక్కు మూసుకుని, బండలు కడిగించమ్మా అని వెళ్లిపోయాడు. నా సర్వీసు మొత్తంలో నేను చేసిన మంచి పని ఏదంటే, పాఠాలు కాదు, అదే చెబుతాను.

ఇప్పుడు సంగతి చిటికెలో అందరి జేబుల్లోకీ వచ్చేస్తోంది, మంచిదే, ఎన్ని ప్రాణాలు నిలుస్తున్నాయో. కానీ ఆనాడు తలారి తిరిగొచ్చి, ఫలానావాడు కదలలేదు అని చెప్పగలిగాడు. కాఫీ తాగేసి కిటికీలోంచి చూశాను. వాన దంచుతోంది. ఇరవై ఏళ్లుగా ఉంటున్న ఈ వీధిలో ఎవరి ఇల్లు కారుతుందో నాకు తెలియదు.