తిరగేసి చూడని డబ్బా

నిన్న కొత్త రూటర్ పెట్టె విప్పగానే పచ్చి ప్లాస్టిక్ వాసన ముక్కుకు తగిలింది. రూటర్ అడుగున ఒక మరమేకు మీద చిన్న కాగితం అంటించి ఉంది: విప్పితే వారంటీ చెల్లదట. నేను కొన్న వస్తువును విప్పొద్దనడానికి వీళ్లెవరు? డెబ్బై దాటిన ఈ వయసులోనూ పట్టలేని కోపం వచ్చింది. ఈ కోపం నాకు పుట్టుకతో వచ్చింది కాదు. దిల్‌సుఖ్‌నగర్ సందులో కంప్యూటర్లు బాగుచేసే యాదగిరి గారు నేర్పింది.

ఆయనది పోచంపల్లి నేతవారి కుటుంబం. నేను తెనాలి వైపు నుంచి వచ్చి, నీటిపారుదల శాఖలో పనిచేసి, ఎల్బీ నగర్‌లో ఇల్లు కట్టుకున్నవాణ్ణి. రిటైరైన కొత్తల్లో, తెలంగాణ ఉద్యమం ఉధృతంగా ఉన్న రోజుల్లో, మాటిమాటికీ ఆగిపోతున్న రూటర్‌ను ఆయన దగ్గరికి తీసుకెళ్లాను. కంపెనీ దాని సాఫ్ట్‌వేర్‌ను సరిచేయడం ఎప్పుడో మానేసిందనీ, ఎవరైనా లోపలికి చొరబడొచ్చనీ ఆయన తేల్చారు. "డబ్బా మీరు కొన్నరు సార్. తాళంచెయ్యి మాత్రం వాని కాడనే ఉన్నది." ఎవరైనా చదివి, మార్చుకోగల సాఫ్ట్‌వేర్ ఉందనీ, అయితే అది కొన్ని చిప్పుల మీదే పనిచేస్తుందనీ చెప్పారు. కొన్ని రూటర్లలో అంతా మనదే అయినా, వైర్‌లెస్ నడవాలంటే కంపెనీవాడి మూసిపెట్టిన ముక్క ఒకటి ఉండి తీరాలట. "తొంభై పాళ్లు మనదైతే చాలదా?" అన్నాను. "దర్వాజా ఆ పది పాళ్లల్లనే ఉంటది సార్," అన్నారు. ఏ మోడల్ కొనాలో, అందులో ఏ చిప్పు ఉండాలో చెబుతుంటే నేను డైరీలో రాసుకున్నాను.

అక్కడితో ఊరుకోవలసింది. అంతకుముందు రోజే ఆయన తెలంగాణ ఊరేగింపులో నడిచి వచ్చారు, గొంతు బొంగురుపోయి ఉంది. మా వీధిలో "మీ ఆంధ్రాకు మీరెప్పుడు పోతారు" అని ఎవరో అన్న మాట నాలో రగులుతోంది. "మీకు రాష్ట్రం దగ్గర్నుంచి రూటర్ దాకా అన్నీ మీ చేతిలోనే ఉండాలి కదండీ. ఇచ్చాక నడపడం చేతనవుతుందా అని!" అన్నాను. ఆయన స్క్రూడ్రైవర్ కింద పెట్టారు. "మీ ఇంటి తాళం మీ చేతిల ఉండాలనే కద సార్ నేను చెప్తున్నది? ఆగుండ్రి, ఇంకొక్క ముచ్చట..." నేను ఆగలేదు.

వేరే షాపులో అదే మోడల్ కొన్నాను. రాసుకున్నది అక్షరం తప్పకుండా పాటించి కొత్త సాఫ్ట్‌వేర్ ఎక్కించాను. దీపాలన్నీ ఆరిపోయాయి, మళ్లీ వెలగలేదు. నాలుగు రోజులు నామోషీతో గడిపి, చివరికి ఆయన దగ్గరికే వెళ్లాను. ఆయన చెయ్యి చాచి అందుకున్నారు. డబ్బాను ముందువైపు చూడనే లేదు, బోర్లా తిప్పారు. "మా నాయిన చీరను ముందట చూడడు, తిరగేసి చూస్తడు. అచ్చు గుద్దిందైతే ఎనక రంగు తేలిపోతది. మనం నేసిందైతే రెండు దిక్కుల ఒక్కతీరే." అడుగున స్టిక్కర్ మీద చిన్న అక్షరాల్లో మూడో వెర్షన్ అని ఉంది. మాకు కావలసింది మొదటిది. "పేరు గదే, బొమ్మ గదే. లోపట చిప్పు మార్చిండు, పెట్టె మీద ముక్క రాయలే. ఇది మోసం గాదా? గిదే చెప్పబోతి. చెప్పనిచ్చిండ్రా మీరు?"

వైర్లు తగిలించి పాత సాఫ్ట్‌వేర్‌తోనే దాన్ని బతికించి, నన్ను వెంటబెట్టుకుని ఆ షాపుకు వెళ్లారు. షాపతను నా యాస విని నవ్వాడు. "ఆంధ్రాయన కోసం నీకెందుకన్నా లొల్లి, గీ రోజులల్ల?"

యాదగిరి గారి ముఖం ఎర్రబడింది. "ఆయన ఇల్లు ఎల్బీ నగర్ల ఉన్నది. ఆయన తాళం ఎవని కాడుంటే నాకేంది అనుకోవాల్నా? తియ్, ఉన్న డబ్బాలన్నీ కిందికి తియ్!" ముగ్గురం ఒక్కొక్కటీ తిరగేశాం. అట్టడుగున, దుమ్ము పట్టి, మొదటి వెర్షన్ ఒక్కటి దొరికింది. సాయంత్రం మా ఇంట్లో దాన్ని పెట్టి, టీ తాగి లేస్తూ, "ఇగ తాళం మీ కాడ. రాష్ట్రం సంగతి మల్ల కొట్లాడుదాం," అన్నారు. నేను నవ్వేసి ఊరుకున్నాను. క్షమించమని అడగడానికి అంతకన్నా మంచి అదను దొరకదని అప్పుడు తోచలేదు. రాష్ట్రం వచ్చిన మరుసటేడు ఆయన పోయారు. నాకు తెలిసేసరికి కర్మకాండలు కూడా అయిపోయాయి.

ఆ చిప్పు పేరు కోసం నిన్న పాత డైరీ తీశాను. మోడల్ ఉంది, వెర్షన్ ఉంది, షాపతను అన్న మాట ఉంది, ఆయన జవాబు ఉంది. అంతకుముందు ఆయన్ని నేనన్న మాట మాత్రం ఎక్కడా లేదు. ఉన్నది ఉన్నట్టు రాస్తానని జీవితమంతా గొప్పలు చెప్పుకున్నవాణ్ణి, షాపతన్ని తిడుతూ పేజీన్నర నింపి, నా వంతు దాటేశాను. కంపెనీ మీద వచ్చిన కోపం దీని ముందు ఎంత! డైరీల్లో ఉన్నవి వెతికితే గాని గుర్తు రావు. రాయకుండా వదిలేసిన ఆ ఒక్క మాటా నాకు కంఠతా వచ్చు.