పొడి ఇసుక మీద వల

నా చిన్నప్పుడు మా తాతయ్య సముద్రం ఒడ్డున ఊరందరి ముందు వెల్లకిలా పడ్డాడు. పగలబడి నవ్విన వాళ్ళలో నేనూ ఉన్నాను. ఆ పడటం ఎంత గొప్పదో నాకు తెలిసింది నలభై ఏళ్ళ తర్వాత, అదీ ప్రభుత్వ టీవీ కంట్రోల్ రూములో.

మాది నెల్లూరు జిల్లాలో చేపలు పట్టే ఊరు. పెద్దవల ఒక్కడు వేసేది కాదు. రెండు వైపులా తాళ్ళు పట్టుకుని పాతికమంది ఒడ్డు నుంచి లాగాలి. ఎవరు ఎప్పుడు లాగాలో తాతయ్య ఇసుక దిబ్బ మీద నిలబడి తుండుగుడ్డ ఊపి చెప్పేవాడు. ఆయన వేసిన ముడి కత్తితో కోయాల్సిందే గాని ఊడదని ఊళ్ళో పేరు. అలాంటి ఊరికి నూలు వల పోయి నైలాన్ వల, నైలాన్ తాళ్ళు వచ్చాయి. కుర్రవాళ్ళు ఆ పూటే సముద్రంలో వేసేద్దామని గంతులేశారు. నడివయసు వాళ్ళు మాత్రం దాని దగ్గరికే పోలేదు. తమకు చేతకాదని పదిమందిలో తేలిపోతుందని వాళ్ళ భయం.

తాతయ్య కొత్త వలను పొడి ఇసుక మీద పరిపించాడు. "ముందు ఈడ లాగుదాం" అన్నాడు. నీళ్ళు లేవు, చేప లేదు, ఇదేం చోద్యమని ఆడవాళ్ళు బుట్టలు దించి మరీ నవ్వారు. ఆయన రెండు తాళ్ళను తన పాత ముడితోనే కలిపి, కొస పట్టుకుని బలమంతా పెట్టి లాగాడు. నున్నటి నైలాన్‌లో ముడి సర్రున జారింది. తాతయ్య కాళ్ళు ఆకాశం చూశాయి.

"నవ్వండిరా, బాగా నవ్వండి. సముద్రంలో జారుంటే అందరం ఏడ్చేవాళ్ళం" అంటూ లేచి ఇసుక దులుపుకున్నాడు. ఆ తర్వాత మా పిన్నిని పిలిచాడు. పులికాట్ వైపు నుంచి కొత్తగా కోడలై వచ్చిన పిల్ల ఆమె. వాళ్ళ ఊరికి నైలాన్ ముందే వచ్చింది.

"అమ్మా, మీ ఊళ్ళో ముడి ఎట్టా వేస్తారో నాకు నేర్పు. ముసలి చెయ్యి, నిదానంగా చెప్పు."

పిన్ని సిగ్గుతో సగమైపోయి, తాడు ఇంకో చుట్టు తిప్పి బిగించి చూపింది. తాతయ్య మూడుసార్లు తప్పాడు, నాలుగోసారి ముడి నిలిచింది. అంతటివాడే పడ్డాక ఇంక ఎవరికేం సిగ్గు? ఒక్కొక్కరే వచ్చి ఇసుకలో కూర్చున్నారు. మర్నాడు చేపలు ఆరబోస్తూ నాయనమ్మ నాతో గుట్టుగా చెప్పింది, "ముందురోజే పెరట్లో వేసి చూసుకున్నాడే మీ తాత. జారతదని తెలుసు." ఎంత దొంగ ముసలాయన!

పెద్దయ్యాక నేను ప్రభుత్వ టీవీలో చేరి, చివరికి ప్రత్యక్ష ప్రసారాల విభాగానికి పెద్దనయ్యాను. అప్పుడే కంట్రోల్ రూమంతా మార్చారు. కెమెరాకో లావుపాటి కేబుల్ పోయి సన్నటి నెట్‌వర్క్ తీగ వచ్చింది. మీటల బల్ల పోయి, వేలితో తాకే తెరలు వచ్చాయి. ఇదివరకు ఊరి బయట నుంచి ప్రసారం చేయాలంటే పెద్ద వ్యాను, పదిమంది మనుషులు కావాలి. ఇప్పుడు మొబైల్ సిగ్నల్ మీద బొమ్మ పంపే పెట్టె పెట్టుకుని, వీపున తగిలించుకునే ఒక సంచీ చాలు. నాకైతే దాన్ని చూస్తే కడుపు నిండిపోయింది.

కానీ మా విభాగంలో అందరికంటే పాతవాడైన పెద్దాయన బెదిరిపోయాడు. ఏ కెమెరా బొమ్మ ఇళ్ళకు వెళ్ళాలో ముప్పై ఏళ్ళుగా రెప్పపాటులో తేల్చినవాడు, మా జిల్లాలోనే కావలి ఊరి మనిషి ఆయన. పాత టేపుల గదికి మార్చమని కాగితం రాసిచ్చాడు. "ఈ వయసులో పిల్లకాయల ముందు నవ్వులపాలు కాలేను మేడం" అన్నాడు. ఆయన వెళ్ళిపోతే మా ప్రసారానికి కళ్ళు పోయినట్టే.

కాగితం సొరుగులో పడేశాను. ప్రసారం లేని పూట చూసి ఉత్తుత్తి వార్తలు పెట్టించి, ముందు నేనే ఆ తెర ముందు కూర్చున్నాను. కాసేపయ్యాక కావాలని ఓ తప్పు చేద్దామని నా పథకం. ఏం చెప్పను! మొదటి బొమ్మకే నిజంగా తప్పు తాకాను. వార్తలు చదివే అమ్మాయి ముఖం మీదికి వాతావరణ పటం ఎక్కి, బంగాళాఖాతం ఆమె ముక్కు మీద కూర్చుంది. గదంతా ఘొల్లుమంది.

అందరికంటే చిన్నదైన ఇంజనీరమ్మాయిని పిలిచి, "నిదానంగా నేర్పమ్మా" అన్నాను. రెండుసార్లు తప్పేసరికి వెనక కుర్చీ జరిగిన చప్పుడైంది. "లెయ్యండి మేడం, ఎట్టనో నేనూ చూస్తా" అన్నాడు పెద్దాయన.

కొన్ని వారాలకు తుఫాను మా తీరం వైపే వచ్చింది. ఆ రోజు తెర ముందు ఆయనే ఉన్నాడు. సంచీ తగిలించుకుని ఒడ్డుకు వెళ్ళిన కుర్రాడు వానలో నుంచి బొమ్మ పంపుతున్నాడు. మా వైపు జనం తాళ్ళు పట్టి పడవలను పైకి లాగుతున్నారు. పెద్దాయన ఆ బొమ్మ మీదే ఆగాడు, ఆఖరి పడవ గట్టెక్కేదాకా మార్చలేదు. నా కళ్ళు నిండిపోయాయి.

మర్నాడు ఆయన తన కాగితం వెనక్కి అడిగి తీసుకున్నాడు. "ఆ రోజు మీరు కావాలనే తప్పు తాకినారు గదా?" అన్నాడు. లేదండీ, నిజంగానే రాలేదన్నాను. ఆయన నమ్మలేదు, ఈనాటికీ నమ్మడు.

అప్పటి నుంచి నాకో అనుమానం. తాతయ్య కూడా నిజంగానే పడ్డాడేమో, నాయనమ్మే మొగుడి పరువు కాపాడిందేమో. ఏదైతేనేం, లేచి కోడలి ముందు కూర్చున్నాడు. మొన్న మనవరాలు కొత్త ఫోను తెచ్చి నా చేతిలో పెట్టింది. నేను అప్పుడే మూడుసార్లు తప్పాను.

"నిదానంగా చెప్పమ్మా" అన్నాను.