శ్వాసావరణములు సమకూర్చబడినప్పటికీ

ఆ కాగితం మీద పంతులమ్మ కూడా సంతకం పెట్టింది. ముందు చెప్పవలసింది అదే. ఆమెని మెచ్చుకునేవాళ్లు ఆ ముక్క మింగేసి మిగతా కథ చెబుతారు. ఆమె మాత్రం మింగదు. "నా చేత్తో నేనే పెట్టానమ్మా, చదవకుండా" అని ఎవరడిగినా చెబుతుంది.

పంతులమ్మ అంటే బడిలో పాఠాలు చెప్పే మనిషి కాదు. చొక్కాలు కుట్టే ఫ్యాక్టరీలో ఇరవై ఆరేళ్లుగా నిలబడి పనిచేస్తున్న మనిషి. ఇప్పుడు చివరి చెకింగ్ బల్ల ఆమెది. చదువు ఐదో తరగతితో ఆగింది. పదిహేడో ఏట దారాలు కత్తిరించే పనిలో చేరినప్పుడు, చొక్కాల మడతల మధ్య పెట్టడానికి పాత పేపర్లు బస్తాల్లో వచ్చేవి. అన్నీ చిరిగినవే. వార్త సగం ఉంటే సగం ఉండేది కాదు. చిరిగిన చోట ఏ మాట ఉండి ఉంటుందో ఊహించడం ఆమెకి ఆటయింది. "మంత్రిగారు వంతెనను" దగ్గర కాగితం తెగిపోతే, ఆయన ప్రారంభించారా, పరిశీలించారా? కింది వాక్యం చూడాలి. అందులో రిబ్బను ఉంటే ప్రారంభించినట్టు, శవాలు ఉంటే పరిశీలించినట్టు.

తెలియని మాట ఎదురైనా అదే పద్ధతి. బొటనవేలితో మాటని మూసేసి, అక్కడ కాగితం చిరిగిందనుకుంటుంది. తనకి తెలిసిన మాటలు ఒక్కొక్కటీ ఆ ఖాళీలో పెట్టి చూస్తుంది. అదే మాట ఇంకోచోట కనబడితే అక్కడా పెట్టి చూస్తుంది. రెండుచోట్లా అతికిందే అర్థం. సెక్షన్‌లో ఆడవాళ్లంతా తమ కాగితాలు ఆమె దగ్గరికే తెచ్చేవారు.

"పంతులమ్మా, మా అత్తగారి మందుల చీటీ. ఏదో రాశాడు, ఆవిడ ఉంటుందో పోతుందో చూడు."

"ఉంటుంది. భోజనం తర్వాత రెండు పూటలా ఉంటుంది."

అలాంటి మనిషి చదవకుండా ఎలా పెట్టింది? ఫ్యాక్టరీలో నిలబడి చూస్తేనే అర్థమవుతుంది. ప్రతి ఇరవై చొక్కాల కట్టకీ ఒక కార్డు ఉంటుంది. కట్ట చూడాలి, కార్డు మీద సంతకం పెట్టాలి, పక్కకి తోయాలి. గంటకి ఆరు కట్టలు. వెనకాల సూపర్‌వైజరు. మాటకి ముందు టైము చెబుతాడు కాబట్టి ఆయన పేరు గడియారం. పెన్ను ఆగితే కట్టలు పేరుకుంటాయి, పేరుకుంటే గడియారం మోగుతుంది. ఏళ్ల తరబడి అలా పెట్టీ పెట్టీ, సంతకం అనేది కళ్లతో పనిలేని చేతిపని అయిపోయింది. ఆ సంగతి ఆఫీసు గదిలో కూర్చున్నవాళ్లకి బాగా తెలుసు. అందుకే ఆ కాగితాన్ని ఆఫీసుకి పిలిచి ఇవ్వలేదు. కార్డు కిందే క్లిప్పు పెట్టి పంపారు.

"ఇదేంటి సార్?"

"ట్రైనింగ్ అటెండెన్స్. పెట్టు పెట్టు, పదకొండు దాటింది."

పెట్టింది. ఆమెతో కలిపి పంతొమ్మిది మంది పెట్టారు. ఇరవయ్యో మనిషి ఆ రోజు ఇంట్లో మంచం మీద ఉంది. ఆమె పంతులమ్మ మరదలు, సొంత తమ్ముడి భార్య.

మరదలిది మరకల గది. చొక్కాల మీద నూనె చుక్కలు, పెన్ను గీతలు ఉంటే స్ప్రే గన్నుతో మందు కొట్టి తీసెయ్యాలి. గదికి కిటికీ లేదు. ఉన్న ఒక్క ఫ్యానూ మందు వాసనని తిప్పి తిప్పి మొహానికే కొడుతుంది. మూడేళ్లు అందులో పనిచేసి, పది రోజుల కిందట తల తిరిగి సిమెంటు నేల మీద పడిపోయింది. నాలుగు రోజులు ఆసుపత్రి. ఊపిరితిత్తులు దెబ్బతిన్నాయన్నారు. ఇప్పుడు మెట్లెక్కుతూ మూడుచోట్ల ఆగుతుంది. మనిషి పడిపోయింది గనక విచారణకి లేబర్ ఇన్‌స్పెక్టరు రావాలి. తప్పు ఫ్యాక్టరీదని తేలితే వైద్యం వాళ్లే చేయించాలి, కోలుకున్నాక వేరే పని ఇవ్వాలి. తప్పు ఆమెదే అని తేలితే రెండూ ఉండవు.

సంతకాలైన రోజు సాయంత్రం పంతులమ్మ మరదలిని చూడ్డానికి వెళ్లింది. దిండు పక్కన అదే కాగితం ఉంది.

"గడియారం వచ్చి ఇచ్చి వెళ్లాడు వదినా. అందరూ పెట్టారు, నువ్వొక్కదానివే మిగిలావన్నాడు. పొద్దున్న వచ్చి తీసుకెళ్తాడట. నీ సంతకం చూసి, మంచిదే అయ్యుంటుందిలే అనుకున్నా. పెన్ను దొరక్క ఆగాను."

పంతులమ్మ మంచం పట్టె మీద కూర్చుని చదివింది. మొదటి వాక్యం దగ్గరే బొటనవేలు ఆగింది. "సదరు కార్మికురాలి స్వీయ ఉపేక్ష వలన అస్వస్థత సంభవించినది." అస్వస్థత ఆసుపత్రి కాగితాల్లో చూసిన మాటే, జబ్బు. ఉపేక్ష తెలియదు. మూసింది. ఆమె సొంత ఏదో వల్ల జబ్బు చేసింది. బలహీనతా? భయమా? నాలుగో వాక్యంలో ఆ మాట మళ్లీ కనబడింది. "యాజమాన్యము వైపు నుండి ఎట్టి ఉపేక్షయు లేదు." మరదలికి ఉందట, వాళ్లకి లేదట. యజమాని తనకి లేదని రాయించుకునేది ఏముంటుంది? డబ్బా? మంచితనమా? కాదు. తప్పు. పట్టించుకోకపోవడం.

రెండో వాక్యం ఇంకా చోద్యం. "శ్వాసావరణములు సమకూర్చబడినప్పటికీ ధరించుటకు నిరాకరించినది." శ్వాస తెలుసు. ఆవరణ అంటే బడి ఆవరణ, చుట్టూ గోడ ఉండేది. శ్వాసకి గోడ. దాన్ని ధరిస్తారట. అది మొహానికి కట్టుకునే మాస్కు తప్ప ఇంకేం కావాలి? అప్పటికీ అన్నాడంటే ముందున్నదానికి వెనకున్నది ఎదురు తిరగాలి. మాస్కు ఇచ్చారట, అయినా ఈమె పెట్టుకోనందట.

"నీకు మాస్కు ఇచ్చారా?"

"మాస్కా? చీర కొంగే కదా వదినా."

మాస్కు అనే మాట ఆ కాగితం రాసినవాడికి తెలియక కాదు. ఫ్యాక్టరీలో తెలియనివాళ్లు లేరు. మాస్కు అని రాస్తే పంతొమ్మిది మందీ "ఎప్పుడిచ్చారు?" అని అడుగుతారు. శ్వాసావరణం అని రాస్తే ఒక్కరూ అడగరు. అంతే కిటుకు. చదువు రానివాణ్ణి మోసం చెయ్యడానికి వేలిముద్ర చాలు. నాలుగు ముక్కలు చదవడం వచ్చినవాళ్ల కోసం ఇలాంటి తెలుగు తయారు చేసి పెట్టుకున్నారు.

పంతులమ్మకి ఒళ్లు మండిపోయింది. గడియారం మీద కంటే తన మీద ఎక్కువ మండింది. "నీ సంతకం చూసి" అన్న మాట చెవిలోంచి పోలేదు. కాగితం మడిచి జాకెట్టులో దోపుకుంది. "పొద్దున్న వాడొస్తే, మా వదిన పట్టుకుపోయిందని చెప్పు."

మర్నాడు భోజనాల దగ్గర అందరికీ చదివి వినిపించింది. తను అర్థం చెప్పలేదు. బొటనవేలు పెట్టి, "ఇక్కడేం ఉండాలో మీరే చెప్పండి" అంది. గుండీలు కుట్టే ఆవిడ అందరికంటే ముందు తెలుసుకుని గిన్నె కింద పడేసినంత పని చేసింది. "దీని మీదా నేను సంతకం పెట్టింది? ఆ పిల్ల పడిపోతే ఎత్తింది నేనే కదే!"

"పెట్టేశాం కదా, ఇప్పుడేం చేస్తాం? ఉద్యోగం పోతే నువ్వు తిండి పెడతావా?" అంది ఇస్త్రీ ఆవిడ.

"నేను పెట్టను. నిన్ను రమ్మనీ అనను" అంది పంతులమ్మ.

మేనేజరు గదికి పన్నెండు మంది వెళ్లారు. ఏడుగురు ఆగిపోయారు.

"అర్థం కాకపోతే అడగాలమ్మా. చట్టం భాష అలాగే ఉంటుంది" అన్నాడు మేనేజరు.

"అడిగాం సార్. అటెండెన్స్ అన్నారు. ఇప్పుడు మిమ్మల్ని అడుగుతున్నా. శ్వాసావరణం అంటే ఏంటి?"

మేనేజరు క్లర్కు వైపు చూశాడు. క్లర్కు గడియారం వైపు చూశాడు. గడియారం, జీవితంలో మొదటిసారేమో, టైము చెప్పలేదు.

"మీకే తెలీదు. మాకు తెలుసని రాయించారు."

టేబుల్ మీది పెన్ను తీసుకుని తన సంతకం కొట్టేసింది. పక్కన "చదవకుండా పెట్టాను. మాస్కులు ఇవ్వలేదు" అని రాసింది. మిగతా పదకొండు మందీ కొట్టేశారు.

"సరే, సరే. కొత్త కాగితం రాయిస్తాను" అన్నాడు మేనేజరు, చెమట తుడుచుకుంటూ.

"వద్దు సార్. మేం రాసుకుంటాం. అందులో అర్థం కాని మాటుంటే మీరు మమ్మల్ని అడగండి."

ఆ సాయంత్రం మరదలి మంచం చుట్టూ కూర్చుని రాశారు. ఏడు వాక్యాలు. కిటికీ లేదు. మాస్కు ఇవ్వలేదు. మూడుసార్లు అడిగాం. పడిపోయింది. అంతా అలాంటి మాటలే. ఇన్‌స్పెక్టరుకి రిజిస్టరు పోస్టులో పంపాలనుకున్నారు. ఎవరి సంతకమైనా సరే, పైకి చదివాకే పెట్టాలని పంతులమ్మ పట్టుబట్టింది. పన్నెండు మందీ చదివి పెట్టారు. చీకటి పడే వేళకి ఇస్త్రీ ఆవిడ కూడా వచ్చి, ఎవరితోనూ మాట్లాడకుండా చదివి పెట్టి వెళ్లిపోయింది.

చివర మరదలు చదివింది. ఏడు వాక్యాల్లో నాలుగుసార్లు ఊపిరి అందక ఆగింది. ఒకామె "ఇటివ్వమ్మా, నీ బదులు నేను చదువుతా" అని చెయ్యి చాపితే పంతులమ్మ ఆ చెయ్యి పట్టుకుని ఆపింది.

"చదవనీ. ఆ కాగితం దానిదే."