మల్కాపురం మీదుగా నా అరకు రైలు

ఆ రోజుల్లో ఉద్యోగం వచ్చిన ఆడపిల్ల సాయంత్రాలు కుట్లూ అల్లికలూ నేర్చుకుంటుందని పెద్దలకు గట్టి నమ్మకం. తొంభైల్లో విశాఖలో ఒక చిన్న డ్రాయింగ్ ఆఫీసులో చేరిన నేను మాత్రం రైలుమార్గం కట్టడం మొదలుపెట్టాను. పోర్టు నుంచి మా మల్కాపురం మీదుగా కొత్తవలస, అక్కణ్ణుంచి సొరంగాలు దూరుకుంటూ అరకు దాకా, అంతా ఒక పాత తలుపుచెక్క మీద. ఇనపజాలీ వంచి, మైదా జిగురులో తడిపిన పేపర్లు కప్పితే కొండలు. రంగేసిన రంపపుపొట్టు అడవి. అగ్గిపెట్టెలు గూడ్సు డబ్బాలు. ఇంజను బజారులో కొన్న బ్యాటరీ బొమ్మ. దాని పట్టాలు గుండ్రంగా తప్ప అమరవు కాబట్టి నా రైలు అరకు దాటగానే తిన్నగా సముద్రం ఒడ్డున తేలేది (భూగోళం మేష్టారు క్షమించాలి). పోర్టులో డ్యూటీ దిగి వచ్చిన నాన్న, "అరకు కాస్త పక్కకి జరపవే అమ్మాయ్, భోంచెయ్యాలి" అనేవారు.

అన్నీ కుదిరాయి గానీ, నా మల్కాపురం మాత్రం క్యాలెండరులో ఊరిలా ఉంది. ఓ ఉదయం అమ్మ, పోర్టు నుంచి ఎగిరొచ్చి కిటికీ మీద పేరుకున్న ఎర్రటి ఖనిజం ధూళినీ నల్లటి బొగ్గు ధూళినీ తిట్టుకుంటూ తుడుస్తోంది. లోపమేమిటో అప్పుడు తెలిసింది. "అమ్మా, పారెయ్యకు!" అని అరిచాను. అమ్మ నన్ను ఎగాదిగా చూసి, "దీనికి తొందరగా పెళ్లి చేసెయ్యాలండీ" అంది నాన్నతో. అయినా రోజూ పొట్లం కట్టి ఇచ్చేది. మేడల మీదా, చెట్ల మీదా, దండేల మీద ఆరేసిన గుడ్డపీలికల చీరల మీదా ఆ ధూళి చల్లాను. అప్పుడొచ్చింది మా ఊరు.

కాలనీ వార్షికోత్సవానికి చేతిపనుల ప్రదర్శన పెడితే, నా రైలుని అమ్మా నేనూ మోసుకెళ్లాం. మా సంఘం ప్రెసిడెంటుని పిల్లలు చాటుగా 'సున్నం ప్రెసిడెంటు' అనేవారు. కనబడిన ప్రతి రాయికీ వెల్ల వేయించడమే ఆయన పరిపాలన. ప్రదర్శన తెరవబోయే ముందు ఆయన నా బల్ల దగ్గర ఆగారు.

"ఏటమ్మా ఇది? ముఖ్య అతిథి వొస్తన్నారు. ఊరి మురికంతా సూపిత్తావేటి? తుడిసెయ్."

"తుడవనండీ. ఉన్నదే పెట్టాను."

"పోనీ అరకు ఉంచు, పచ్చగా బాగుంది. ఈ పక్క ఓ గుడ్డ కప్పెయ్."

"రైలు గుడ్డలో దూరి ఆగిపోతుందండీ."

"నాను సెప్తన్నాను కదా!"

"నేనూ చెబుతున్నాను కదండీ!" (నాకంత గొంతుందని అప్పటిదాకా నాకే తెలియదు.)

ఆయన తడిగుడ్డ తీసుకుని తానే తుడిచేశారు. ధూళి కాస్తా ఎర్రటి బురదైంది. రెండు మేడలు ఊడి గుడ్డకి అంటుకుపోయాయి. బల్లకి అడ్డంగా చేతులు చాచి నిలబడ్డాను. "ఇంకొక్క ఇల్లు ముట్టుకుంటే నేనూ ఇక్కడే బైఠాయిస్తాను. ముఖ్య అతిథి నన్నూ చూసి వెళతారు" అన్నాను. అంతలో, నలుగురిలో ఎప్పుడూ పెదవి కదపని మా అమ్మ, గోదావరి యాసలో మెల్లగా అంది: "ఏవండీ, ఈ ఊరొచ్చిన కాణ్ణించీ పూటపూటకీ తుడుత్తానే ఉన్నానండి. నావల్ల కాలేదు. తమరి చెయ్యి మంచిదైతే ముందు మా ఇంటికొచ్చి తుడిచిపెట్టండి." షామియానా అంతా గొల్లుమంది. ప్రెసిడెంటుగారు రెండు మేడలతో సహా ఆ గుడ్డ నాకిచ్చి వెళ్లిపోయారు.

వాటిని వంకరగా అతికించి రైలు నడిపాను. వీధిలో ఆడవాళ్లంతా మూగారు. "ఇదిగో మా మేడ! నా సీర సూడే, ఎలాగెర్రగైపోనాదో!" అని ఒకావిడ మురిసిపోయింది. ముఖ్య అతిథి మాత్రం రైలు ఒక చుట్టు తిరిగేలోగానే దోసకాయతో చెక్కిన మొసలి దగ్గరకు వెళ్లిపోయారు. మొదటి బహుమతి మొసలికే. నాకు ప్రోత్సాహక బహుమతి: డబ్బాతో సహా ఒక ఒంటిసబ్బు. దాన్ని అందించినాయన ప్రెసిడెంటుగారే. ఇద్దరం ఒకరి ముఖం ఒకరు చూసుకోలేదు. చూసుకుంటే నవ్వాల్సొచ్చేది.

ఇప్పుడు విశాఖలోనే, సీతమ్మధారలో ఉంటున్నాను. నా డ్రాయింగు చూసి ఎవరైనా "కాస్త అందంగా మార్చండి మేడమ్" అంటే, కళ్లజోడు సర్దుకుని మార్చేస్తాను కూడా. ఆనాడు బల్లకి అడ్డంగా నిలబడ్డ ఆ పిల్ల ఎదురైతే నన్ను కడిగేసేదే. కడిగెయ్యనీ. ఆ గొంతు ఇంకోసారి వినాలనుంది.