మిక్సీ తిరుగుతున్నంతసేపూ

ఆమెకు తల్లిదండ్రులు పెట్టిన పేరు ఒకటుంది గానీ, ఆ పేరుతో పిలిస్తే ఆమే వెనక్కి తిరిగి చూడదు. వీధి మొత్తానికీ ఆమె వాపసక్క. ఇంటి సామాన్లు అమ్మే పెద్ద దుకాణంలో, కొన్న వస్తువును జనం "పనిచెయ్యట్లేదండీ" అంటూ తిరిగి తెచ్చే కౌంటరు ఒకటుంటుంది చూశారూ, అక్కడ కూర్చోవడం ఆమె ఉద్యోగం. వస్తువు నిజంగా పాడైందా, లేక ఇంట్లోవాళ్లు మూతి ముడుచుకున్నారని పట్టుకొచ్చారా అన్నది ఇట్టే కనిపెట్టేస్తుంది. ఇస్త్రీపెట్టె అడుగున అంటుకున్న గుడ్డ పీలికను గోటితో గీకి, తెచ్చినవాళ్ల మొహంలోకి ఒక్క చూపు చూసి ఊరుకుంటుంది. వాళ్లే తల దించుకుని వెళ్లిపోతారు.

రోజంతా పాడైన వస్తువులతోనే కాపురం చేసే మనిషికి కొత్త వస్తువు మీద నమ్మకం ఎలా కుదురుతుంది? వీధిలో ఎవరు ఏం కొనాలన్నా ముందు ఆమెనే అడిగేవారు. ఆమె వద్దనేది, వాళ్లు కొనేవారు. మిక్సీల విషయంలో మాత్రం ఆమె మాటకు తిరుగులేదు. ముందు చేత్తో ఎత్తి చూస్తుంది. తేలిగ్గా లేచిందంటే లోపల రాగి తక్కువని అర్థం. జార్ బిగించి అటూ ఇటూ ఊపుతుంది. ఖాళీగా ఒకసారి తిప్పి, ఆపి, మోటారు గాలి బయటికి వచ్చే కన్నాల దగ్గర ముక్కు పెడుతుంది. "చవక మిక్సీ వచ్చినరోజున మహా హుషారుగా ఉంటుందమ్మా. నీకు పనిపడిన రోజునే దానికి ఒంట్లో బాగోదు" అని కింది వాటా ఆవిడతో అంటూ ఉండేది.

అలాంటి వాపసక్క ఒకరోజు చవక మిక్సీ పెట్టె చంకన పెట్టుకుని మెట్లెక్కింది. కింది వాటా ఆవిడ ముక్కున వేలేసుకుంది.

"ఇదేంటక్కా, నువ్వే కొన్నావా!"

"అమ్మ కోసం. గడువులోపు తిప్పి చూస్తా. నచ్చకపోతే నా కౌంటర్లో నేనే వాపసు పుచ్చుకుంటా."

"సరిగ్గా చూసి చెప్పు, నేనూ కొనుక్కోవాలి."

తల్లి నూలు మిల్లులో పనిచేసి రిటైరైన మనిషి. యంత్రాల మోతకు చెవులు సగం దెబ్బతిన్నాయేమో, ఆవిడ గుసగుసలాడినా వీధి చివరికి వినబడేది. అంతటి గొంతు ఒక్క ఉదయంతో మూగబోయింది. పక్షవాతం వచ్చి కుడిపక్క చచ్చుబడింది, మాట పడిపోయింది. ఎడమ చెయ్యి మాత్రం కాస్త ఆడేది. ముక్క గొంతుకు అడ్డం పడితే ప్రమాదమనీ, ఏది పెట్టినా మెత్తటి గుజ్జు చేసి పట్టాలనీ ఆస్పత్రి నర్సు గట్టిగా చెప్పింది. ఇంట్లో పాత మిక్సీ కొన్ని నెలలు నెట్టుకొచ్చి చివరికి చేతులెత్తేసింది.

వంటింట్లో చిన్న బల్ల ఒకటుంది. దానికి అవతల చేతుల కుర్చీలో తల్లిని కూర్చోబెట్టి, ఇవతల తను నిలబడి, వాపసక్క కొత్త మిక్సీ బిగించింది. ఆమె వెనక పెరటి బాల్కనీ తలుపు. ఉడికించిన క్యారెట్లు, బంగాళాదుంపలు జార్‌లో వేసి మీట తిప్పింది.

అబ్బా, ఏం మోత! సన్నగా మొదలై, పైకి లేచి, ఒకేచోట నిలబడిపోయే ఊళ అది. గోడమీది గిన్నెలు గలగలలాడాయి. 'అయిపోయింది, రేపే వాపసు' అనుకుంటూ వాపసక్క తలెత్తి చూసింది.

తల్లి మాట్లాడుతోంది.

పెదవులు తెరుచుకుంటున్నాయి, మూసుకుంటున్నాయి, గుండ్రంగా చుట్టుకుంటున్నాయి. నెలల తరబడి రాయిలా ఉన్న మొహంలో ప్రాణం వచ్చింది. వాపసక్క గబుక్కున మీట ఆపింది. "అమ్మా! ఏంటమ్మా? మళ్లీ చెప్పు" అంటూ బల్ల మీదుగా వంగింది. పెదవులు ఆగిపోయాయి. ఎదురుగా మళ్లీ ఆ పాత రాతి మొహమే. ఆమె మళ్లీ మీట తిప్పింది. తల్లి ఆపిన చోటినుంచే అందుకున్నట్టుగా మళ్లీ మొదలుపెట్టింది.

ఆ రోజు కౌంటర్లో కూర్చున్నదన్న మాటే గానీ వాపసక్క మనసు మనసులో లేదు. ఒకాయన పగిలిన ఫ్లాస్కు తెచ్చి "వచ్చేటప్పటికే ఇలా ఉందండీ" అంటే, నిమ్మకు నీరెత్తినట్టు తీసుకుని పక్కన పెట్టేసింది. ఆ మనిషే కాస్త కంగారుపడ్డాడు.

తర్వాత ఆమె తనకు తెలిసిన పద్ధతిలోనే పరీక్షలు మొదలుపెట్టింది. మిక్సీ తిప్పుతూ తల్లి నోటి దగ్గర చెవి పెట్టింది. వెచ్చటి ఊపిరి తగిలింది గానీ గొంతు లేదు. ఫోను పెట్టి రికార్డు చేసింది. వింటే ఒట్టి ఊళ. దుకాణంలో నమూనాకు పెట్టిన ఖరీదైన మిక్సీని అడిగి ఒకరోజుకు ఇంటికి తెచ్చింది. అది పిల్లిలా చప్పుడు లేకుండా నడిచింది, గుజ్జు కూడా వెన్నలా వచ్చింది. తల్లి మాత్రం నోరు మెదపలేదు. రేడియో పెట్టింది, కుళాయి పూర్తిగా తిప్పింది, వాక్యూమ్ క్లీనర్ వేసింది. ఊహూఁ. ఆ చవక మిక్సీ ఊళకే ఆ పెదవులు కదిలేవి.

ఇంకో సంగతి కూడా కనిపెట్టింది. మాట్లాడేటప్పుడు తల్లి ఆమె వైపు చూడదు. ఆమె భుజం మీదుగా, తలకన్నా పైకి, తలుపు పై అంచు దాకా చూస్తుంది. ఏమన్నా బల్లి ఉందేమోనని వాపసక్క ఎన్నోసార్లు వెనక్కి తిరిగి చూసింది. మూసిన తలుపే ఉండేది. అయినా వీపు మీద చల్లగా ఏదో పాకినట్టై ఒళ్లు జలదరించేది.

భయం సంగతి సరే, ఆమెను తొలిచేసింది వేరే బాధ. తండ్రి చిన్నప్పుడే పోతే తల్లే మిల్లులో ఒళ్లు హూనం చేసుకుని పెంచింది. కానీ ఇంటికొచ్చేసరికి ఆవిడలో మాటలు మిగిలేవి కావు. బట్టలు తియ్యి, తలుపు వెయ్యి, దీపం ఆర్పు. ఇవే కేకలు. అమ్మ తనను దగ్గర కూర్చోబెట్టుకుని ఒక్క మాట, కేవలం తన కోసం ఒక్క మాట చెప్పిన జ్ఞాపకం వాపసక్కకు లేదు. ఇప్పుడు ఆ పెదవులు ఇంత చెబుతుంటే, అందులో తన మాట ఒక్కటైనా ఉండదా? తెలుసుకోకపోతే బతికినన్నాళ్లూ తనకు నిద్ర పట్టదని ఆమెకు తెలిసిపోయింది.

ఒక ఉదయం గుజ్జు తిప్పుతూ చూస్తుంటే ఆ పెదవులు మామూలు మాటకన్నా వెడల్పుగా, ఒక్కో అక్షరాన్నీ మలిచి ఇస్తున్నట్టు కదులుతున్నాయని తోచింది. అప్పుడు తట్టింది. మిల్లులో యంత్రాలు తిరుగుతుంటే ఎవరి గొంతూ ఎవరికీ వినబడదు. అక్కడి ఆడవాళ్లు గొంతు లేకుండా ఒట్టి పెదవులతోనే మాట్లాడుకునేవాళ్లు. గది ఈ చివరి నుంచి ఆ చివరికి కబుర్లు, తిట్లు, నవ్వులు అన్నీ అలాగే సాగేవి.

తల్లితో పాటు మిల్లులో పనిచేసిన ఒకావిడ ఇంకా ఉంది. వాపసక్క ఆవిడను పిన్ని అని పిలుస్తుంది. సెలవు రోజు పొద్దున్నే వెళ్లి, బతిమాలి, వెంటబెట్టుకుని తీసుకొచ్చింది. పిన్ని స్నేహితురాలి చెయ్యి పట్టుకుని కాసేపు ఏడ్చి, కొంగుతో కళ్లు తుడుచుకుని, వాపసక్క పక్కనే కుర్చీ వేసుకుని కూర్చుంది.

"తిప్పవే. దాని పెదవులు చదవడం నాకు కొత్తా ఏంటి?"

మిక్సీ ఊళ మొదలవగానే పిన్ని ఉలిక్కిపడింది. "అచ్చం మన మిల్లు మోతే" అంది. తల్లి పెదవులు కదిలాయి. పిన్ని మొదట నవ్వు మొహంతోనే చూసింది. చూస్తూ చూస్తూ ఆవిడ నవ్వు జారిపోయింది. మెడ బిగుసుకుంది. వెనక్కి తిరగకుండానే కుర్చీని కాళ్లతో నెట్టుకుంటూ గోడవారకు జరిగింది.

"ఆపు. ముందు దాన్ని ఆపు."

వాపసక్క ఆపింది. "ఏమంటోంది పిన్నీ? నన్నేమైనా అంటోందా?"

"నీతో కాదు తల్లీ. పొడుగుదానితో మాట్లాడుతోంది."

"పొడుగుదెవరు?"

"మీ అమ్మ పక్క యంత్రం దానిదే. గుమ్మంలో తల వంచకుండా నడిచేది కాదు, అంత పొడుగు. ఇద్దరూ రోజంతా పెదవులతో ఒకటే కబుర్లు. ఒక మధ్యాహ్నం అది గుండె పట్టుకుని కూలిపోయి, అక్కడికక్కడే ప్రాణం వదిలింది. పడబోయే ముందు మీ అమ్మను పిలిచే ఉంటుంది. కానీ మాకు పిలుపంటే పెదవులే కదా. మీ అమ్మ అటు తిరిగి తెగిన దారం ముడేస్తోంది, చూడలేదు. ఆ తర్వాత ఎప్పుడూ మీ అమ్మ మా ఎవరికీ వీపు చూపించి నిలబడలేదు."

వాపసక్క తలుపు వైపు తిరగబోయి ఆగింది. "ఆవిడ... ఇక్కడ ఏమంటోంది?"

"దాని మాట కావాలంటే నేను వెనక్కి తిరిగి చూడాలి. తిరగను. నన్ను తిరగమనకు." పిన్ని రెండు చేతులూ జోడించింది. "మీ అమ్మ మాటే చెబుతా. 'వస్తానే, తొందర పెట్టకు' అంటోంది. 'పిల్ల ఇంకా తినలేదు. అది తిన్నాక బయల్దేరతా' అంటోంది. తిప్పి తిప్పి అదే."

నిజమే. తల్లి మంచాన పడ్డప్పటి నుంచీ వాపసక్క ఆవిడకు తినిపించి, ఒళ్లు తుడిచి, పరుగు పరుగున దుకాణానికి పోయి అక్కడే ఏదో ఒకటి తినేది. తల్లి కళ్లెదుట ఒక్క ముద్ద నోట్లో పెట్టుకోలేదు. తన కోసం అమ్మ నోట ఒక్క మాట కావాలనుకుంది. ఉంది, అన్ని మాటలూ తన గురించే ఉన్నాయి. ఆమె వంటింటి నేల మీదే కూలబడి వెక్కి వెక్కి ఏడ్చింది.

వెళ్లేముందు పిన్ని గుమ్మంలో నిలబడి, "ఆ మిక్సీ రేపే వాపసిచ్చెయ్యవే. మోత ఉంటేనే కదా అది వచ్చేది" అంది.

వాపసక్క చాలాసేపు ఆలోచించింది. మోత ఆగితే పొడుగుది రాదని నమ్మకమేంటి? వచ్చినా, అమ్మ 'ఆగు' అని చెప్పడానికి వీల్లేకుండా పోతే? గడువు దాటిపోయింది. మిక్సీ బల్ల మీదే ఉండిపోయింది.

ఆనాటి నుంచి ఆమె ఇంట్లో తినడం పూర్తిగా మానేసింది. తన కంచం అటక మీద పెట్టేసింది. ఆకలేస్తే మెట్ల మీద కూర్చుని తినేది, నీళ్లతో నోరు పుక్కిలించుకుని లోపలికి వచ్చేది. పిన్ని దగ్గరికి పోయి పెదవుల మాటలు కొన్ని నేర్చుకుని అద్దంలో చూస్తూ సాధన చేసింది. రోజూ పొద్దున తల్లి 'ఇంకా తినలేదు, ఆగు' అనడం తనే చదువుకుని, ఆ ధైర్యంతో పనిలోకి పోయేది.

కింది వాటా ఆవిడ మళ్లీ అడిగింది. "ఇన్నాళ్లు వాడావు కదక్కా. ఎలా ఉంది? కొనొచ్చా?"

"బాగా రుబ్బుతుంది. జార్ గట్టిది. మోటారు కాస్త వేడెక్కుతుంది, అంతే."

"అయితే కొంటా."

"వద్దు!" అంది వాపసక్క, మెట్లు ప్రతిధ్వనించేలా. ఆవిడ బిత్తరపోతే గొంతు తగ్గించి, "మోత ఎక్కువమ్మా. నీకొద్దు" అంది.

తల్లి రోజురోజుకీ చిక్కి శల్యమైంది. వీపు మీద పుళ్లు పడ్డాయి. పక్కకు తిప్పినప్పుడల్లా కళ్ల నుంచి నీళ్లు కారేవి. నొప్పి భరించలేకపోతోందని వాపసక్కకు తెలుసు. తెలిసీ తెలియనట్టు నటించింది. కొడిగట్టిన ప్రాణాన్ని తన ఆకలి అడ్డుపెట్టి ఆపుతున్నానని కూడా తెలుసు. అయినా వదల్లేకపోయింది. ఎవరు మాత్రం వదులుతారు?

ఒక ఆదివారం ఉదయం ఆమె మెట్ల మీద కూర్చుని బన్ను తింది. లోపల తల్లి మూలిగినట్టనిపించి, నోరు కడుక్కోకుండానే పరిగెత్తింది. ఏమీ లేదు, ఆకలేమో. ఆవిడను కుర్చీలోకి చేర్చి, ఉడికించిన ఆపిల్ ముక్కలు జార్‌లో వేసి మీట తిప్పింది.

ఊళ పైకి లేచింది. తల్లి చూపు ఎప్పటిలాగే తలుపు పై అంచుకు పోయింది. తర్వాత నెమ్మదిగా కిందికి దిగి, మొదటిసారి, కూతురి మొహం మీద నిలిచింది. పెదవులు వెడల్పుగా కదిలాయి. వాపసక్క చదివింది.

'తిన్నావా?'

అది ఆమెకే. ఇన్నేళ్లకు, నేరుగా ఆమెకే. వాపసక్క తను నేర్చుకున్న పెదవులతో, గొంతు లేకుండా, ఒక్కో అక్షరం మలిచి చెప్పింది. 'లేదమ్మా. ఇంకా లేదు.'

తల్లి ఆమె నోటి వైపు చూసింది. ఆడే ఎడమ చెయ్యి బల్ల మీదుగా వచ్చింది. వాపసక్క మీట వదలకుండానే ముందుకు వంగింది. తల్లి బొటనవేలు ఆమె పెదవి చివర అంటుకున్న బన్ను పొడిని మెల్లగా తుడిచింది.

తర్వాత ఆవిడ కళ్లెత్తి కూతురి భుజం మీదుగా పైకి చూసి, ఆయాసపడకుండా, హాయిగా అంది.

'తినేసిందే. పద.'

వాపసక్క వెనక్కి తిరగలేదు, మీట మీంచి చెయ్యి తియ్యనూ లేదు. మోటారు మాడిన వాసన మెట్ల దాకా వస్తే కింది వాటా ఆవిడ పైకొచ్చి ప్లగ్గు పీకింది.